ఫొటోలో మచ్చ కనపడగానే కెమెరా విప్పకండి

టెలిస్కోపుకు కెమెరా తగిలించి ఆకాశం ఫొటోలు తీసేవాళ్లలో, "అన్నా, కెమెరా పోయినట్టుంది" అంటూ ఎవరో ఒకరు టెన్షన్‌గా ఫొటో పంపుతూనే ఉంటారు. ఆ ఫొటో తెరిచి చూస్తే చాలాసార్లు కెమెరా బాగానే ఉంటుంది. ఆ మచ్చ ఎక్కడిదో కనిపెట్టాలంతే.

అపోహ: గారెల్లాంటి గుండ్రటి మచ్చలు పడితే టెలిస్కోపు ముందు అద్దం తుడవాలి.

వద్దు, దాని జోలికి పోకండి. అంత దూరాన ఉన్న దుమ్ము ఫొటోలో మచ్చగా పడదు. సెన్సర్ ముందు గాజు మీదో, ఫిల్టర్ మీదో కూర్చున్న నలుసు నీడ అది. అద్దాలతో పనిచేసే న్యూటోనియన్ టెలిస్కోపులో చిన్న అద్దం దారికి అడ్డుంటుంది కాబట్టి నీడకు నడుమ చిల్లు వస్తుంది. నలుసు సెన్సర్‌కు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టొచ్చు. మచ్చ వెడల్పు ఎన్ని పిక్సెళ్లో చూసి, దాన్ని పిక్సెల్ సైజుతోనూ ఎఫ్ నంబరుతోనూ (టెలిస్కోపు ఫోకల్ లెంత్‌ని దాని వెడల్పుతో భాగిస్తే వచ్చేది) గుణించండి. 3.76 మైక్రాన్ల పిక్సెళ్లు, ఎఫ్/5 టెలిస్కోపు, 200 పిక్సెళ్ల మచ్చ అనుకుందాం. 3.8 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది, అంటే సెన్సర్ గాజు మీదే. అదే మచ్చ 1,000 పిక్సెళ్లుంటే దాదాపు 19 మిల్లీమీటర్లు, ఫిల్టర్ చూడండి. రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితో మాత్రం వద్దు, తుంపర పడుతుంది. మిగిలిన మచ్చల్ని ఫ్లాట్ ఫ్రేములు, అంటే సమంగా వెలుగున్న తెల్లటి తలాన్ని తీసిన ఫొటోలు, తీసేస్తాయి. కాకపోతే కెమెరా తిప్పకుండా, ఫోకస్ కదపకుండా వాటిని తీసి ఉండాలి.

అపోహ: ఫొటో అంచున వెలుగు ఉంటే సెన్సర్ లోపం.

ఐఎంఎక్స్294 సెన్సర్ ఉన్న కెమెరాల్లో ఎక్స్‌పోజర్ పెరిగేకొద్దీ ఆ వెలుగు కనిపిస్తుంది, దాని తయారీయే అంత. ఐఎంఎక్స్533, 571లలో ఈ బాధ లేదు. 294లో ఆ వెలుగు, అదే ఎక్స్‌పోజర్, అదే గెయిన్ (సిగ్నల్‌ని పెంచే సెట్టింగు), అదే ఉష్ణోగ్రతలో మూత పెట్టి తీసిన డార్క్ ఫ్రేములతో పోతుంది. అనుమానముంటే మూత పెట్టి, కెమెరాని నల్లగుడ్డలో చుట్టి తీయండి. వెలుగు మారితే బయటి కాంతి చొరబడుతున్నట్టు.

అపోహ: కెమెరా సెన్సర్‌ని ఎంత చల్లబరిస్తే అంత మంచి ఫొటో.

నేనూ అలాగే అనుకున్నాను. మాది సముద్రం పక్క ఊరు. ఒక డిసెంబరు రాత్రి మైనస్ 10 డిగ్రీల్లో పెట్టి గొల్లకావడి కింది నెబ్యులా తీస్తున్నాను. రెండు గంటలయ్యాక చూస్తే ఫ్రేము నడుమ తడి వేలిముద్రలాంటి మసక. ఒక్కో ఫ్రేము వెనక్కి వెళ్లి చూశాను. మొదటి అరగంటలో అసలు లేదు, ఆ తర్వాత కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది. దుమ్మయితే అలా పెరగదు. సెన్సర్ గదిలోని సిలికా జెల్ బిళ్లలు తేమ పీల్చి పీల్చి నిండిపోయాయి, లోపల మంచు పట్టింది. ఫ్లాట్లు దీన్ని సరిచేయలేవు, అది మారుతూ ఉంటుంది కాబట్టి. ఆ రాత్రి ఫ్రేములన్నీ వదులుకున్నాను, ఇప్పటికీ బాధే. బిళ్లలు మార్చాక మళ్లీ రాలేదు. ఉక్కపోత నెలల్లో ఇప్పుడు సున్నా డిగ్రీలే పెడతాను, డార్కులూ సున్నాలోనే తీస్తాను.

ఇక ఫ్రేములన్నీ కలిపి ఒకే ఫొటోగా స్టాక్ చేశాక వాన జల్లులా ఏటవాలు గీతలు కనిపిస్తే, ఫ్రేములు పెంచినంత మాత్రాన పోవు. టెలిస్కోపును మోసి తిప్పే మౌంట్ మెల్లగా ఒకే దిక్కుకు జారుతుంటే, సెన్సర్‌లో ఎప్పుడూ ఒకేచోట ఉండే నాయిస్ మచ్చలు చుక్కల మీదుగా గీసిన గీతలవి. డితరింగ్ ఆన్ చేయండి. రెండు మూడు ఫ్రేములకోసారి మౌంట్ కొన్ని పిక్సెళ్లు అటూ ఇటూ జరుగుతుంది, అప్పుడు ఆ మచ్చల్ని స్టాకింగ్ సాఫ్ట్‌వేరే ఏరేస్తుంది.