ఒక తగాదా, మూడు నంబర్లు

కింది కోర్టుల్లో పేరుకుపోయిన కేసులు నాలుగు కోట్లు దాటాయని తరచూ చదువుతుంటాం. ఆ పెద్ద అంకెకు మూలం ప్రతి కోర్టూ నెలనెలా హైకోర్టుకు పంపే ఒక సాదాసీదా పట్టిక. నెల మొదట్లో ఉన్నవెన్ని, కొత్తగా నంబరైనవెన్ని, తేలినవెన్ని, మిగిలినవెన్ని? కూడికలు, తీసివేతల్లో పేచీ లేదు. దేన్ని ఒక కేసు అనాలన్న దగ్గరే పేచీ.

పొలం గట్టు తగాదానే తీసుకోండి. దావా వేయగానే ఓ.ఎస్. (అసలు దావా) నంబరు పడుతుంది. తీర్పు వచ్చేలోగా ఎదుటివాడు గట్టు తవ్వకుండా ఇంజంక్షన్ (ఆపే ఉత్తర్వు) అడిగితే ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) నంబరు. డిక్రీ చేతికొచ్చినా అతను దిగిరాకపోతే, దాన్ని అమలు చేయించమని వేసే ఈ.పీ. నంబరు. రైతుకు ఇదంతా ఒకటే వ్యాజ్యం. కోర్టు రిజిస్టర్లలో మాత్రం మూడు. 2014లో, చట్టాల సంస్కరణపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ తన 245వ నివేదిక కోసం లెక్కలు తెప్పించుకుంటే, ఒక్కో హైకోర్టు ఒక్కో తీరున లెక్కపెడుతోందని బయటపడింది. మధ్యంతర దరఖాస్తులను కొన్ని విడిగా లెక్కిస్తే, కొన్ని లెక్కించడం లేదు. ట్రాఫిక్ చలానాలదీ అదే కథ. ఇలాంటి అంకెలతో రాష్ట్రాలకు ర్యాంకులు కట్టడం నాకెప్పుడూ విడ్డూరంగానే తోస్తుంది.

జాప్యంపై చింత కొత్తదేమీ కాదు. 1924లోనే జస్టిస్ రాంకిన్ అధ్యక్షతన బ్రిటిష్ ప్రభుత్వం సివిల్ జస్టిస్ కమిటీ వేసింది. 1987లో లా కమిషన్ 120వ నివేదిక, పది లక్షల జనాభాకు పదిన్నర మంది జడ్జీలే ఉన్నారని, 50 మంది కావాలని చెప్పింది. ఐదేళ్లలో అక్కడికి చేరాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇప్పటికీ చేరలేదు.

అయితే జనం ఎక్కువున్న చోటల్లా దావాలూ ఎక్కువ పడతాయని లేదు. అందుకే 245వ నివేదిక జనాభా కొలతను పక్కనపెట్టి, ఒక్కో జడ్జి ఏటా ఎన్ని కేసులు తేలుస్తున్నారో చూసింది. ఆ పద్ధతిలో హత్య కేసు విచారణా, నేరం ఒప్పుకుని జరిమానా కట్టిన చిల్లర కేసూ ఒకే తూకం. దాంతో కేసు రకాన్ని బట్టి బరువు కట్టే సూత్రం తయారైంది. ప్రస్తుతానికి దాన్నే పాటించమని 2017 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

చెక్ బౌన్స్ సంగతి మరీ విచిత్రం. 1988 నాటి సవరణతో అది నేరమైంది. 2019 చివరికి అలాంటి కేసులు 35 లక్షలు దాటాయి. చట్టం చేసేటప్పుడే దానివల్ల కోర్టులపై పడే భారాన్ని అంచనా కట్టాలని, మన జస్టిస్ ఎం. జగన్నాథరావు నేతృత్వంలోని బృందం 2008లో సూచించింది. అది ఆచారంగా మారలేదు.

2015లో జాతీయ న్యాయ గణాంకాల గ్రిడ్ (కోర్టుల కేసుల లెక్కలు చూపే వెబ్‌సైటు) జనానికి అందుబాటులోకి వచ్చాక ఏ జిల్లా లెక్కైనా ఫోనులో చూసుకోవచ్చు. పదేళ్లు దాటినవి విడిగా కనిపిస్తాయి. జాప్యానికి కారణాలూ ఉంటాయి: నిందితుడు పరారీ, సాక్షి రాలేదు, పై కోర్టు స్టే, వకీలు అందుబాటులో లేరు. ఇదివరకు ఈ వివరాలు కక్షిదారు కంటబడేవి కావు.