ఉద్దానం ఎందుకు నమ్మదు?

పలాస దగ్గర విమానాశ్రయం కడతారన్న మాట రాగానే ఉద్దానంలోని మందస, వజ్రపుకొత్తూరు మండలాల జీడి రైతులు రోడ్డెక్కారు. అభివృద్ధి వస్తుంటే ఈ గొడవేంటని దూరాన ఉన్నవాళ్లు అడుగుతున్నారు. ఆ రైతుల టెన్షన్ అర్థం కావాలంటే బీల అనే పల్లపు నేలల సంగతి తెలియాలి.

ఉద్దానం శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఇసుక నేల. కొబ్బరి, జీడి, పనస, మామిడి ఒకే తోటలో కలిసి పెరుగుతాయి. ఈ తోటల పక్కనే పల్లపు నేలలున్నాయి. సోంపేట వైపు వాటిని బీల అంటారు, నౌపడా వైపు తంపర అంటారు. వానలకు అక్కడ నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లలోనే చేపల వేట, ఆ గట్లమీదే పశువుల మేత, చుట్టూ వరి. నౌపడా దగ్గరి తేలినీలాపురం ఊళ్లో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచగలుగుతున్నాయంటే ఆ నీళ్లలో చేపలున్నందుకే. సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటారు గానీ ఈ రెండూ మన దేశపు పక్షులే. అందుకే ఇక్కడి తడి ఎండిపోతే వాటి బతుకూ కష్టమే.

ఇంతమందికి తిండి పెట్టే బీలను కాగితాల మీద పనికిరాని భూమిగా రాశారు. అసలు తప్పు అక్కడ జరిగింది. ఆ రాత పట్టుకునే సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టారు. 2010 జులై 14న అడ్డుకున్న జనంమీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. జనం మొదట్నుంచీ చెబుతున్నది వినుంటే ఆ చావులు ఉండేవి కావు. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రం దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. తేలినీలాపురం అక్కడికి దగ్గరే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను సరిగ్గా ఇక్కడే తీరం దాటింది. తాతల నాటి కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి, జీడిచెట్లు కొమ్మలు విరిగి నేలకొరిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది. పరిహారం డబ్బు ఒక్కసారి వస్తుంది, ఆ అయిదారేళ్లూ ఇల్లు గడవాలి కదా! అయినా రైతులు మళ్లీ నాటారు. ఇప్పుడు విమానాశ్రయం కోసం భూసేకరణకు అడుగుతున్న ఊళ్లలో ఆ తోటలూ ఉన్నాయి.

సముద్రం వైపు కథ కూడా తేలికగా లేదు. గుడ్లు పెట్టడానికి చలికాలంలో వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ట్రాలర్ల వలల్లో చిక్కి చనిపోయి ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. వేట సరిగా సాగక ఇక్కడి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస పోతున్నారు. ఈ జిల్లా తీరంలోనే 2023లో మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది. పోర్టుతో వలస ఆగితే మంచిదే. కానీ పోర్టు వెనకాల రోడ్లు, గోదాములు, పరిశ్రమలు వస్తాయి, వాటన్నిటికీ భూమి కావాలి. అది తోట నుంచి తీసుకుంటారా, తంపర నుంచా అన్నది సర్వే మొదలయ్యాక కాదు, ముందే గ్రామసభలో చెప్పాలి. విమానాశ్రయం విషయంలోనూ రైతులు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.