మన కొండచిలువలో కల్తీ ఎక్కడ మొదలైంది?

ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఆత్మకూరు, వెలుగోడు వైపు చేలల్లో కొండచిలువ కనబడితే, పట్టి నల్లమలలో వదిలేస్తారు. ఎక్కడి పామో ఎవరూ అడగరు, అడవిదే కాబట్టి. కానీ కర్నూలు హైదరాబాద్‌కీ బెంగళూరుకీ మధ్య హైవే మీద ఉంది. ఆ రెండు నగరాల్లో ఇళ్లలో విదేశీ పాములు పెంచే సరదా ముదిరింది. పారిపోయిందో, పోషించలేక వదిలేసిందో ఒకటి ఇటు వచ్చి మన కొండచిలువతో జతకడితే?

అమెరికాలో, ఐరోపాలో జరిగింది చూస్తే ఇది ఉత్త టెన్షన్ కాదని తెలుస్తుంది. మన కొండచిలువనీ బర్మా కొండచిలువనీ చాలాకాలం ఒకే జాతిలో రెండు ఉపజాతులుగా లెక్కేశారు. వాటిని వేరు జాతులుగా విడదీసింది 2009లోనే. ఈలోగా వన్యజీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ మన పాము వ్యాపారాన్ని కట్టడి చేసింది. బర్మా పాముకి అంత బిగింపు లేదు. అక్కడి పెంపకందార్ల దగ్గర అవి కుప్పలు తెప్పలు, మనవి అరుదు. జోడీ దొరక్క రెంటినీ కలిపారు. పుట్టిన పిల్లలకీ పిల్లలు పుడతాయి, అదే చిక్కు.

అచ్చమైన రెండు పాముల్ని పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. మనదానికి పై పెదవి పొలుసు ఒకటి కంటిని తాకుతుంది. బర్మాదానికి కంటికీ పెదవికీ మధ్య చిన్న పొలుసుల వరస అడ్డం ఉంటుంది. తలమీది బాణం గుర్తు మనదానికి ముక్కు దగ్గర వెలిసిపోతుంది, బర్మాదానికి చివరిదాకా ముదురుగా ఉంటుంది. సంకరం రెండు మూడు తరాలు దాటితే మాత్రం ఈ గుర్తులు పనికిరావు.

రంగుల పిచ్చి ఇంకో మెలిక. అల్బినో గుణం, అంటే ఒంట్లో నల్ల రంగు తయారవని గుణం, లోపల దాచుకున్న రెండు మామూలు పాముల్ని జతకడితే సగటున నాలుగింట ఒక పిల్ల అల్బినో అవుతుంది. మామూలుగా కనిపించే మిగతావాటిలో మూడింట రెండు ఆ గుణాన్ని లోపల మోస్తుంటాయి. అందుకే అసలు అడవి రకం కావాలనేవాళ్లు ఒంటి రంగు చూసి నమ్మరు, తాత ముత్తాతల రికార్డు అడుగుతారు.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో ప్రబలిన బర్మా కొండచిలువలు సుమారు 400 పరీక్షిస్తే, 13 పాముల్లో మన జాతి జన్యు ఆనవాళ్లు దొరికాయని 2018లో తేలింది. మన జూలూ తక్కువేం తినలేదు. పంజాబ్‌లోని ఛత్‌బీర్‌లో సర్కస్ సింహాల ఆఫ్రికా రక్తం ఆసియా సింహాల్లో కలిసింది, చివరికి వాటి సంతానాన్నే ఆపాల్సి వచ్చింది.

మన దేశపు కొండచిలువని ఇంట్లో పెంచడం నేరం. సైటీస్ జాబితాలోని విదేశీ జీవుల్ని పెంచేవాళ్లు వాటిని నమోదు చేయించాలని 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించారు, 2024లో నియమాలు వచ్చాయి. కాబట్టి "శుద్ధమైన వంశం కాపాడుతున్నా" అంటూ ఇక్కడ ఎవరైనా కొండచిలువ పిల్లలు అమ్మజూపితే, నా లెక్కన అది దొంగ వ్యాపారమే. ఆ వంశం నల్లమలలో తన గుడ్లు తనే చుట్టుకుని పొదుగుతోంది. ఊళ్లో ఇళ్ల మధ్య దొరికిన అనుమానపు పాముని మాత్రం నేరుగా అక్కడికి తోలకుండా, ముందు అటవీశాఖకి చెప్పి జాతి తేల్చుకోవాలి.