బ్లాడర్‌కు పెట్టే ‘పేస్‌మేకర్’: అపోహలు - వాస్తవాలు

నేను యూరాలజిస్టుని. ఓవర్ యాక్టివ్ బ్లాడర్ (మూత్రాశయం, అంటే మూత్రం సంచి, పూర్తిగా నిండకముందే ఆగలేనంత తొందర పెట్టే జబ్బు) ఉన్నవాళ్లు మా ఓపీలో ఎక్కడ కూర్చుంటారో చూసి చాలాసార్లు వాళ్ల జబ్బు ముందే పోల్చుకుంటాను. బాత్‌రూమ్ తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడే ఉంటారు. బస్సు ప్రయాణం ఉందంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. పెళ్లికి పిలిస్తే ఆ ఫంక్షన్ హాల్లో బాత్‌రూమ్ ఎటువైపుందో కనుక్కున్నాకే బయల్దేరతారు. ఏళ్ల తరబడి ఇలాగే నెట్టుకొచ్చిన ఒక టీచరమ్మ ఫోన్‌లో ఈ బ్లాడర్ ‘పేస్‌మేకర్’ మీద ఒక వీడియో పట్టుకుని వచ్చారు. “డాక్టరు గారూ, ఈ మిషన్ లోపల పెడితే బ్లాడర్ పరిస్థితి అదే కనిపెట్టి, అదే అదుపు చేస్తుందట కదా?” అని అడిగారు. ఈమధ్య చాలామంది అడుగుతున్నది ఇదే కాబట్టి దీనితోనే మొదలుపెడతాను.

అపోహ: మిషన్ పెడితే బ్లాడర్‌ని అదే కనిపెడుతుంది, అదే అదుపు చేస్తుంది.

వీడియోలో చూపించింది నిజమే. కాకపోతే అది జరిగింది ఎలుకల్లో. అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ యూనివర్సిటీ, ఇల్లినాయ్ యూనివర్సిటీ, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు కలిసి చేసిన ఈ పని 2019 జనవరిలో నేచర్ పత్రికలో వచ్చింది. ఎలుక మూత్రాశయం చుట్టూ మెత్తగా సాగే పట్టీ ఒకటి చుట్టారు. సంచి నిండుతుంటే పట్టీ సాగుతుంది, ఖాళీ అయితే ముడుచుకుంటుంది. ఆ కొలతలు వైర్లు లేకుండానే బయటికి అందుతాయి. మామూలుకన్నా ఎక్కువసార్లు ఖాళీ అవుతోందని లెక్క తేలగానే లోపల పెట్టిన బుల్లి ఎల్‌ఈడీలు వెలుగుతాయి. అయితే బ్లాడర్ నరాలకు వెలుతురుతో పనేముంది? అందుకే ముందుగా వైరస్ సాయంతో ఆ నరాల కణాల్లోకి ఒక జన్యువును పంపించారు. దానివల్ల వెలుగుకు స్పందించే ప్రొటీన్ అక్కడ తయారై, వెలుగు పడగానే ఆ కణాల జోరు తగ్గుతుంది. ఎంతో అందమైన ఆలోచన. కానీ మనిషికి ఇదే పద్ధతిలో చేయాలంటే మిషన్‌తో పాటు జన్యు చికిత్స కూడా చేయాలి.

ఇప్పుడు మనుషులకు పెడుతున్న మిషన్లకు మీ సంచిలో మూత్రం ఎంతుందో తెలియదు. సాధారణంగా సెకనుకు 14 చొప్పున సన్నటి కరెంటు పల్స్‌లు బ్లాడర్‌ను అదుపు చేసే నరానికి ఇస్తూ పోతాయి. సంచి నిండినా అంతే, ఖాళీగా ఉన్నా అంతే.

కనిపెట్టడం అంత కష్టమా అంటే, కష్టమే. సంచి లోపల ఒత్తిడి కొలిచే సెన్సర్ పెట్టారనుకోండి. మీరు దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా కడుపులో ఒత్తిడి పెరుగుతుంది. అది దగ్గా, బ్లాడర్ బిగింపా అన్నది సెన్సర్ విడదీసి చెప్పాలి. మేం బ్లాడర్ పనితీరు కొలిచే యూరోడైనమిక్స్ పరీక్ష చేసేటప్పుడు బ్లాడర్‌లో ఒక సన్నటి గొట్టం, మలద్వారంలో ఇంకొకటి పెట్టేది అందుకే. రెండో దాని కొలతను మొదటి దానిలోంచి తీసేస్తే బ్లాడర్ సొంత ఒత్తిడి తెలుస్తుంది. పైగా మూత్రంలో ఏ వస్తువు ఎక్కువకాలం ఉన్నా దానిమీద లవణాలు పేరుకుని రాయి కడుతుంది.

పొత్తికడుపు మీద పెట్టుకునే అల్ట్రాసౌండ్ పరికరాలు వేరే ఉన్నాయి. జపాన్‌లో మొదలైన డీఫ్రీ అలాంటిదే. సంచి నిండుతోందని ఫోన్‌కి కబురు పెడుతుంది. వృద్ధులను చూసుకునేవాళ్లకు ఇది చాలా సాయం. కానీ అది చికిత్స చేయదు.

అపోహ: సంచి బలహీనపడింది, వయసైపోయింది, అంతే.

బలహీనత కాదు, తొందరపాటు. మామూలు బ్లాడర్ 400 నుంచి 500 మి.లీ. దాకా పడుతుంది. వీళ్లకు అందులో పావువంతు నిండగానే ఇక ఆగదన్నంత అర్జంటు కబురు మెదడుకు వెళ్లిపోవచ్చు. వయసుతో ఇది పెరిగే మాట నిజమే కానీ ముప్ఫైల్లో ఉన్నవాళ్లూ మా దగ్గరికి వస్తారు.

అపోహ: బ్లాడర్‌కు కరెంటు పెడతారు.

బ్లాడర్‌ను ఎవరూ ముట్టుకోరు. నడుము కింద త్రికాస్థి అనే ఎముక ఉంటుంది. దాని మూడో రంధ్రంలోంచి వచ్చే నరం పక్కన సన్నటి తీగ పెట్టి, పిరుదు పైభాగంలో చర్మం కింద చిన్న బ్యాటరీ అమరుస్తాం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎమిల్ తనాఘో, రిచర్డ్ ష్మిట్ అనే వైద్యులు దీనికి బాట వేశారు. 1997లో మందులకు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. తీగ సరైన చోట పడిందని ఎలా తెలుస్తుందంటే, కాలి బొటనవేలు కిందికి వంగుతుంది, మలద్వారం చుట్టూ ఉన్న కండరాలు లోపలికి బిగుసుకుంటాయి. ఎన్నిసార్లు చూసినా ఆ వేలు కదలగానే నాకు ఇప్పటికీ సంతోషమే.

ఆ నరాల మూలాల నుంచే వచ్చే టిబియల్ నరం చీలమండ దాకా దిగుతుంది. అందుకే చీలమండ లోపలివైపు, మూడువేళ్ల పైన సన్నటి సూది గుచ్చి కరెంటు ఇచ్చే పద్ధతి ఉంది. వారానికోసారి అరగంట చొప్పున 12 వారాలు. కాలికి సూది గుచ్చితే బ్లాడర్ సమస్య తగ్గుతుందా అని నవ్వేవాళ్లకు 2010లో వచ్చిన ఒక పరిశోధన గురించి చెబుతాను. 220 మందిలో సగం మందికి నిజం చికిత్స, సగం మందికి ఉత్తుత్తి చికిత్స ఇచ్చారు. బాగుందన్నవాళ్లు మొదటి గుంపులో 54.5 శాతం, రెండో గుంపులో 20.9 శాతం. నమ్మకంతోనే ఐదుగురిలో ఒకరికి బాగుందన్నమాట. అందుకే “మా పక్కింటావిడకు తగ్గింది” అన్న మాట ఒక్కటే నాకు సరిపోదు. ఈ నరం దగ్గరే చర్మం కింద పెట్టేసే పరికరాలకు కూడా అమెరికాలో అనుమతులు వచ్చాయి. 2022లో నాణెమంత ఉండే ఈకాయిన్‌కు, 2023లో రెవీకి.

అపోహ: పెట్టాక పనిచేయకపోతే అంతా బూడిదలో పోసినట్టే.

త్రికాస్థి మిషన్‌ను ముందు పరీక్షించకుండా పెట్టం. కొన్ని రోజుల పాటు తీగ మాత్రమే లోపల ఉంటుంది, మిషన్ బెల్టుకు తగిలించుకుంటారు. లీకులు గానీ, బాత్‌రూమ్‌కి వెళ్లే సార్లు గానీ కనీసం సగానికి తగ్గితేనే లోపల మిషన్ పెడతాం. తగ్గకపోతే తీగ తీసేస్తాం. పెట్టించుకునేవాళ్లకు కూడా బ్యాటరీ మార్పు, తీగ జరగడం, ఇన్‌ఫెక్షన్ వంటివి ఉండొచ్చని ముందే చెప్పాలి. చెప్పకుండా సంతకం పెట్టించుకోవడం తప్పని నా గట్టి అభిప్రాయం.

అపోహ: ఇక జన్మలో ఎంఆర్‌ఐ తీయకూడదు.

పాత మోడళ్లకు గట్టి పరిమితులుండేవి. కొత్తవాటితో షరతులకు లోబడి ఒళ్లంతా తీయవచ్చు. మిషన్ కార్డు జేబులో పెట్టుకోండి. ఫిజియోథెరపీలో తరంగాలతో ఒంటి లోపల వేడి పుట్టించే డయాథర్మీ మాత్రం వద్దు.

అపోహ: దగ్గితే పడే చుక్కలకూ ఇదే మందు.

కాదు. అది మూత్రాన్ని ఆపే కండరాల పట్టు సడలడం వల్ల వచ్చేది, దాని దారి వేరు. షుగర్ అదుపులో లేక ఎక్కువ మూత్రం తయారవడం వేరు, మగవాళ్లలో ప్రొస్టేట్ గ్రంథి సమస్య వేరు. వీటిని విడదీయకుండా మిషన్ దాకా వెళ్లడం రోగికి అన్యాయం.

నీళ్లు మానేయడం కూడా చికిత్స కాదు. చిక్కబడ్డ మూత్రం బ్లాడర్‌ను ఇంకా గిల్లుతుంది, మలబద్ధకం దానికి తోడవుతుంది. తగ్గించాల్సింది టీ, కాఫీ.

ఆ టీచరమ్మకు మిషన్ పెట్టలేదు. గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి కొనుక్కోమన్నాను. మూడు రోజులు ఏం తాగారో, ఎప్పుడు వెళ్లారో, ఎంత వచ్చిందో, ఎప్పుడు ఆగలేకపోయారో రాసుకుని రమ్మన్నాను. స్టాఫ్ రూమ్ టీలు ఐదు తేలాయి. వాటిని రెండుకు తెచ్చి, వెళ్లాలనిపించినప్పుడు మూత్రాన్ని ఆపిపట్టే కటి కండరాలు బిగించి కాసేపు వాయిదా వేసే సాధన నేర్పి, మాత్ర ఒకటి రాశాను. ఆమెకు అక్కడితోనే సరిపోయింది. సరిపోనివాళ్లకు బ్లాడర్ కండరానికిచ్చే బోటాక్స్ ఇంజెక్షన్, కాలి సూది, త్రికాస్థి మిషన్ ఉన్నాయి. మీరు ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు ఆ మూడు రోజుల కాగితం పట్టుకెళ్లండి.