రంగు కాదు, నడుము చూడండి

పర్లాకిమిడి

చిరంజీవులు బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. జైసల్మేర్‌లో గట్టి వాన పడిందని మీ నాన్న ఫోన్‌లో చెబితే నేనంతగా నమ్మలేదు. మీరు వాట్సాప్‌లో పంపిన చీమ ఫొటోలు చూశాక నమ్మాను. ఎడారిలో చాలా రకాల రాణిచీమలు వాన పడ్డాకే పుట్ట వదిలి ఎగురుతాయి. ఎందుకంటే పొడి ఇసుకను తవ్వినకొద్దీ కూలిపోతుంది. తడిసి గట్టిపడితేనే రాణి ఒంటరిగా బొరియ చేసుకోగలదు.

ఇది ఏ జాతి అని అడిగారు. అంతకంటే ముందు అది రాణేనా అన్నది తేలాలి. ఇక్కడ తొలకరికి వీధిదీపం చుట్టూ మూగే ఉసిళ్లు మీరు చూసినవే. అవి చీమలు కావు, రెక్కలొచ్చిన చెదపురుగులు. వాటికి నడుము ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు, మీసాలు తిన్నగా ఉంటాయి. చీమకైతే నడుము సన్నం, మీసాలు మధ్యలో వంగుతాయి, ముందు రెక్కలు వెనక రెక్కల కంటే పెద్దవి. మీ చీమకు రెక్కల్లేవు గానీ ఛాతీ పక్కన అవి ఊడిన మచ్చలున్నాయి, చూడండి. ఎగిరే కండరాలు ఉండేది అక్కడే కాబట్టి ఛాతీ కూడా ఉబ్బెత్తుగా ఉంది. మగచీమలు రెక్కలతోనే చస్తాయి. కాబట్టి ఇది రాణే.

చిన్నా, నల్లగా ఉంది కాబట్టి గండుచీమ అయ్యుంటుందని రాశావు. రంగును నమ్మకు నాన్నా. ఒకే జాతిలో నలుపూ ఎరుపూ రెండూ ఉండొచ్చు, ఫొటోలో వెలుతురు సరిగా లేకపోతే ఎరుపు కూడా నల్లగానే వస్తుంది. నడుము చూడు. ఛాతీకీ పొట్టకీ మధ్య దారానికి గుచ్చిన పూసలా ఒక కణుపు ఉందా, రెండున్నాయా?

గండుచీమకు ఒకటే. థార్ ఎడారిలో ఎండలో పొడుగు కాళ్లతో పరుగెత్తే కాటాగ్లిఫిస్ చీమకూ ఒకటే. ఈ రెండూ ఒకే ఉపకుటుంబం. వీటికి కొండి ఉండదు, పొట్ట చివర వెంట్రుకలు చుట్టిన గుండ్రని రంధ్రంలోంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. ఆకులు కుట్టుకుని గూడు కట్టే ఎర్రచీమలు కూడా ఈ బంధువర్గమే. మన ఒడిశాలో వాటితో చేసే పచ్చడికి పులుపు ఆ ఆమ్లం వల్లే. మయూర్‌భంజ్‌ పచ్చడికి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. మీ అమ్మమ్మ మాత్రం ఆ మాటెత్తితే చాలు, లేచి వెళ్లిపోతుంది!

బుజ్జి పక్కనుంచి తీసిన రెండో ఫొటోలో కణుపులు రెండు స్పష్టంగా ఉన్నాయి. అంటే గండుచీమా కాదు, కాటాగ్లిఫిసూ కాదు. తల పెద్దది, పలకలా ఉంది, దవడలు మొద్దుగా ఉన్నాయి. మీసాల చివర విడిగా లావైన ముద్ద లేదు. ఫెయిడోల్ అనే మరో రకం చీమల రాణి అయ్యుంటే మీసాల చివరి మూడు ముక్కలూ లావుగా కనిపించేవి. ఇవన్నీ చూస్తే ఇది గింజలు పోగుచేసుకునే మెస్సర్ అనిపిస్తోంది. తల కింద ఇసుక మోయడానికి పనికొచ్చే పొడుగు వెంట్రుకల గడ్డం ఉంటే నా మాటకు ఇంకాస్త బలం. కానీ మీరు కిందవైపు ఫొటో తియ్యలేదు.

మెస్సర్ అన్నది ప్రజాతి, అంటే దగ్గరి బంధువులైన జాతుల గుంపు, మాత్రమే. అందులో ఏ జాతి అంటే, ఈ ఫొటోలతో నేను చెప్పను, చెప్పేవాళ్లను మీరు నమ్మొద్దు. జాతులు గుర్తుపట్టే పట్టికలు ఎక్కువగా కూలిచీమల్ని చూసి రాసినవి. రాణి ఒక్కతే దొరికితే నిపుణులు కూడా చాలాసార్లు ప్రజాతి దగ్గరే ఆగిపోతారు. అసలు కొన్నిటిలో రాణి అన్న మాటకే చిక్కు. డయకమ్మా చీమల్లో రెక్కల రాణే ఉండదు, జతకట్టిన ఒక కూలిచీమే గుడ్లు పెడుతుంది. ఎగిరి గెంతే హార్పెగ్నాథస్ చీమల్లో రాణి పోతే కూలిచీమలే ఆ పని అందుకుంటాయి. ఆ గెంతే చీమకు 1851లో పేరు పెట్టినవాడు జెర్డన్ అనే డాక్టరు. మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిన కొత్తలో ఆయన పనిచేసింది మన గంజాంలోనే.

ఈసారి దొరికితే ఫొటోలు మూడు తియ్యండి: పక్కనుంచి, పైనుంచి, ముఖం ఎదురుగా. పక్కన స్కేలు పెట్టండి. తేదీ, గంట, వాన పడి ఎంతసేపైంది, నేల ఇసుకా రాయా, అన్నీ రాయండి. ఫొటో అయ్యాక దొరికిన చోటే నీడలో వదిలేయండి. రాణి ఒక్కసారే ఎగురుతుంది. అప్పుడు దాచుకున్న వీర్యంతోనే బతికినన్నాళ్లూ గుడ్లు పెడుతుంది, చాలా జాతుల్లో తన ఎగిరే కండరాల్ని కరిగించి తొలి పిల్లల్ని పోషిస్తుంది.

దీన్ని వదిలిన చోట గుర్తు పెట్టుంటే, కొన్ని వారాలకు అక్కడ సన్నటి కూలిచీమలు బయటికొస్తున్నాయేమో చూడండి. అవి కనిపిస్తే వాటి ఫొటో కూడా పంపండి, అప్పుడు జాతి సంగతి మళ్లీ మాట్లాడుకుందాం. చిన్నా, చెప్పులు వేసుకుని వెళ్లు.

ఇట్లు,
మీ తాతయ్య