అల్ట్రాసోనిక్ యంత్రంతో పిస్టల్ శుభ్రం: అపోహలు - వాస్తవాలు

నగల దుకాణాల్లోనూ దంతవైద్యుల వద్దా కనిపించే చిన్న స్టీలు తొట్టిలో పిస్టల్‌ను ఉంచి మీట నొక్కితే శుభ్రం చేసే పని ముగిసినట్లేనని వరంగల్, హనుమకొండ ప్రాంతాల లైసెన్సుదారులు చాలామంది భావిస్తున్నారు. ఆయుధ మరమ్మతు వృత్తిలో ఉన్న నేను కూడా ఈ యంత్రాన్ని వాడుతున్నాను, దాని మేలు నాకు తెలుసు. అయితే అది చేసేది సగం పని మాత్రమే, మిగిలిన సగం చేసే ఓపిక లేనివారు దాని జోలికి వెళ్లకపోవడమే ఆయుధానికి క్షేమం.

అపోహ: యంత్రం అదురుకు ఉక్కు బీటలు వారుతుంది.

వాస్తవం: ఈ యంత్రాల్లో ఎక్కువ భాగం 40 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు దాదాపు 40 వేల సార్లు కంపిస్తాయి. ఆ కంపనాలకు నీటిలో అతి సూక్ష్మమైన బుడగలు పుట్టి వెంటనే చితికిపోతాయి. బ్రష్షు చేరలేని మూలల్లోని మసిని, గడ్డకట్టిన పాత నూనెను ఊడదీసేది ఆ చితికే శక్తే. దానికి పలుచని అల్యూమినియం రేకు చిల్లులు పడుతుంది గాని, కొద్ది నిమిషాల్లో బ్యారల్ (తూటా వెళ్లే గొట్టం) ఉక్కుకు ఏమీ కాదు. జాగ్రత్త పడవలసింది పైపూతల విషయంలో: గాఢమైన క్షార ద్రావణం అల్యూమినియం ఫ్రేమును, అమ్మోనియా నికెల్ పూతను పాడుచేస్తాయి. చెక్క పిడులను, గురి చూసేందుకు రంగు చుక్కలు పెట్టిన సైట్లను ముందే విప్పి పక్కన పెట్టాలి, విప్పలేకపోతే ఆ భాగాన్ని చేత్తోనే తుడవాలి.

అపోహ: నీటికన్నా పెట్రోలు, కిరోసిన్ బాగా పనిచేస్తాయి.

వాస్తవం: దయచేసి ఈ ప్రయత్నం ఎవరూ చేయవద్దు. యంత్రం ద్రవాన్ని వేడెక్కిస్తుంది, మండే ఆవిరి లేస్తుంది, కిందనే విద్యుత్తు ఉంటుంది. నీటిలో కలిపే ద్రావణమే వాడాలి.

అపోహ: విడదీయకుండానే ముంచవచ్చు.

వాస్తవం: ముందుగా తూటాలు నింపే మ్యాగజైన్ తీసి, పేలే ముందు తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలి, తూటా ఏదీ తొట్టి దరిదాపుల్లో ఉండకూడదు. విడదీయని ఆయుధంలో ట్రిగ్గర్ భాగాల మధ్య చేరిన నీరు బయటికి రాదు. బ్యారల్ లోపల పేరుకున్న సీసం, రాగి పొరలను కూడా ఈ యంత్రం పూర్తిగా తీయలేదు కనుక బ్రష్షు పని మిగిలే ఉంటుంది.

అపోహ: తొట్టిలోంచి తీసి గుడ్డతో తుడిస్తే చాలు.

వాస్తవం: నా దగ్గరకు వచ్చే నష్టాల్లో ఎక్కువ భాగానికి మూలం ఈ నమ్మకమే. బుడగలు మసితో పాటు ఉక్కును కాపాడే నూనె పొరను కూడా చివరి చుక్క వరకు ఊడ్చేస్తాయి. అలా నూనె లేకుండా మిగిలిన ఉక్కుకు, ముఖ్యంగా మన వానాకాలపు తేమలో, చూస్తుండగానే ఎర్రటి తుప్పు పొర లేస్తుంది. బోరు నీటితో కడిగితే ఆరిన చోటల్లా తెల్లని ఉప్పు మరకలు మిగులుతాయి కాబట్టి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, వేడి గాలితో వెంటనే ఆరబెట్టి, నీటిని తొలగించే నూనెను స్ప్రింగులు, పిన్నుల రంధ్రాల వరకు చేర్చి, ఆపై పలుచగా గన్ ఆయిల్ పట్టించాలి. ఎన్నికల వేళ పోలీసు స్టేషనులో డిపాజిట్ చేసే ఆయుధానికి ఈ నూనె మరింత అవసరం, ఎందుకంటే అది వారాల తరబడి ఎవరి చేయీ తగలకుండా ఉంటుంది. దసరా నాడు ఆయుధ పూజలో పెట్టిన పసుపు, కుంకుమలను కూడా ఆ రాత్రికే తుడిచి నూనె రాయడం మంచిది. భక్తికి అది లోటు కాదు.

తొట్టిలో మిగిలిన నల్లని నీటిలో సీసం ఉంటుంది. చేతి తొడుగులు లేకుండా దానిని ముట్టుకోరాదు, వంటింటి సింకులో పారబోయరాదు, అదే తొట్టిలో నగలో కళ్లజోడో కడగరాదు.

అపోహ: యంత్రం ఉన్న నగల దుకాణంలో ఇచ్చినా పని జరుగుతుంది.

వాస్తవం: 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆయుధాల మరమ్మతుకు విడిగా లైసెన్సు ఉండాలి. మీ ఆయుధాన్ని లైసెన్సు లేనివారి చేతికి కాసేపు అప్పగించినా ఇద్దరూ చిక్కుల్లో పడతారు. అందువల్ల ఇచ్చే ముందు ఆ దుకాణం లైసెన్సు చూపమని అడగండి, రసీదు తీసుకోండి.