రాడ్ ముద్ద కడుతోందా? మంట పెంచకండి

మొన్న ఆటోనగర్‌లో మా షెడ్డుకి ఒక కుర్రాడు కారు ఏసీ అల్యూమినియం పైపు పట్టుకుని వచ్చాడు. కొత్తగా షాపు పెట్టుకున్నాడట. పైపు చివర కరిగి వంగిపోయి, పక్కన వేలు పట్టేంత చిల్లు. "రాడ్ అంటుకోలేదన్నా. మంట కొంచెం పెంచా, పైపే పోయింది" అన్నాడు. కస్టమర్‌కి ఏం చెప్పాలో తెలీక రాత్రంతా నిద్ర లేదట. ఇలాంటి పైపులు నెలకి రెండు మూడు చూస్తుంటాను. అందుకే అల్యూమినియం బ్రేజింగ్ మీద ఈ పోస్టు. బ్రేజింగ్ అంటే పైపుని కరగనీయకుండా, దానికంటే ముందే కరిగే లోహపు రాడ్‌తో అతకడం.

అపోహ: రాడ్ అంటుకోవట్లేదంటే వేడి చాలలేదు.

కాదు బాబూ, కాదు. అల్యూమినియం 660 డిగ్రీలకి కరుగుతుంది. గాలి తగిలి దాని మీద పుట్టే ఆక్సైడ్ పొర కరగాలంటే 2000 దాటాలి. పొర పోయేదాకా కాలుద్దామని కూర్చుంటే ముందు పైపు పోతుంది. రాడ్ కరిగి తామరాకు మీద నీటిబొట్టులా దొర్లుతోందంటే కింద పొర అలాగే ఉందని అర్థం. మంట పెంచితే ఆ పొర ఇంకా మందమవుతుంది.

ముందు నూనె, గ్రీజు తుడవాలి. ఆ తర్వాతే స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్. తిరగేసి చేస్తే గ్రీజుని లోహంలోకి రుద్దినట్టే. రాగికి వాడిన బ్రష్ దీనికి వాడొద్దు. ఎంత రుద్దినా పల్చటి పొర ఆ క్షణమే మళ్లీ పుడుతుంది. దాని సంగతి ఫ్లక్స్, అంటే అతుకు దగ్గర వేసే ఆ పొరని కరిగించే పొడి, చూసుకుంటుంది.

రాగి పని చేసి వచ్చినవాళ్లకి ఇంకో చిక్కుంది. రాగి ఎర్రబడి చెబుతుంది. అల్యూమినియం వెలుతురులో రంగు మారదు, ఉన్నట్టుండి కూలిపోతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక ఫ్రిజ్ కాయిల్‌ని ఎర్రబడేదాకా కాలుద్దామని చూస్తూ చూస్తూ నేల మీదకి జార్చాను. మా గురువు తిట్టలేదు. "ఇది రాగి కాదురా, చెప్పి పోదు" అన్నాడంతే. ఆ నెల జీతంలో కాయిల్ డబ్బులు మాత్రం పట్టుకున్నాడు.

మరి ఏం చూడాలి? ఫ్లక్స్‌ని చూడాలి. పొడిగా తెల్లగా ఉన్నది కరిగి నీళ్లలా తేటగా పారిందంటే వేళయింది. మంటని ఒకచోట ఆపకుండా తిప్పుతూ, రాడ్‌ని మంటకి కాకుండా పైపుకి ఆనించండి. పైపు వేడికే రాడ్ కరగాలి. 12 శాతం సిలికాన్ ఉన్న రాడ్ 580 దగ్గర కరుగుతుంది. 6061 రకం అల్యూమినియం కూడా అక్కడే మెత్తబడడం మొదలెడుతుంది, కాబట్టి దానికి ఆ రాడ్ పెట్టొద్దు. జింకు 78, అల్యూమినియం 22 పాళ్ల రాడ్ తీసుకోండి. 480 దగ్గరే పనైపోతుంది. అయితే ఫ్లక్స్ కూడా ఆ వేడికి కరిగే సీజియం రకమే ఉండాలి.

అపోహ: వీడియోలో చూపించే రాడ్‌కి లైటర్ చాలు, ఫ్లక్స్ అక్కర్లేదు.

అవి జింకు రాడ్లే. ఫ్లక్స్ లేకపోతే కరిగిన లోహం కింద బ్రష్‌తో గీకి పొర చింపాలి. రేకు మీద పగులుకి సరే, పైపులో పైపు దూర్చిన అతుకు లోపల ఏ బ్రష్‌తో గీకుతారు? లైటర్ వేడిని కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ లాంటి భాగం) అటునుంచి అటే లాగేసుకుంటుంది.

అపోహ: రాగికి, అల్యూమినియానికి అతుకు పడదు.

పడుతుంది. అయితే వేడి 548 డిగ్రీలు దాటితే ఒకదాన్నొకటి కరిగించుకుని పెళుసుబారతాయి. 380 దగ్గర కరిగే జింకు 98, అల్యూమినియం 2 పాళ్ల రాడ్ వాడి, చెమ్మ తగలకుండా అతుకు మీద ష్రింక్ స్లీవ్ (లోపల జిగురుండి, వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ తొడుగు) తొడగండి. స్లీవ్ మానేస్తే చెమ్మ చేరి అల్యూమినియాన్ని తినేస్తుంది.

అపోహ: కండెన్సర్‌కి చిల్లు పడితే మార్చాల్సిందే.

కస్టమర్లు భయపడేది ఇక్కడే. ఆ కండెన్సర్‌ని ఫ్యాక్టరీలో కట్టిందే బ్రేజింగ్‌తో, 600 డిగ్రీల కొలిమిలో, నైట్రోజన్ మధ్య. పైపు చివర చిన్న చిల్లయితే అతుకుతుంది. కాయిల్ మొత్తం తెల్లగా పొడి రాలుతుంటే మార్చుకోండి, అతుకుతామన్నా ఒప్పుకోవద్దు.

ఇక మిగతావి. క్లోరైడ్ ఫ్లక్స్ వాడితే వేడినీళ్లతో కడగాల్సిందే, లేకపోతే అదే పైపుని తినేస్తుంది. లోపల గ్యాస్ ఉండగా మంట పెట్టొద్దు, మంటకి తగిలితే విషం పుడుతుంది. లీక్ చూడ్డానికి నైట్రోజనే. లోపలి నూనెకి ఆక్సిజన్ తగిలితే పేలుతుంది.

ఆ కుర్రాడికి ముందు తుక్కు పైపు ముక్కలిచ్చి కూర్చోబెట్టాను. మొదటి రెండూ కరిగించేశాడు. మూడోదానికి ఫ్లక్స్ తేటపడగానే చెయ్యి నిలిచింది, రాడ్ ఆనించాడు. అతుకు చుట్టూ సన్నటి వెండి గీతలా తిరిగొచ్చింది. వాడు తెచ్చిన పైపు కాలిన కొన కోసేసి, పైన తొడుగులా గొట్టం ముక్క వేసి వాడి చేతే అతికించాను. నైట్రోజన్ పట్టి సబ్బునురగ పూశాం. పదినిమిషాలు చూశాం, ఒక్క బుడగా లేదు.